క్లబ్ హౌస్ పైపులో ఇరుక్కున్న మట్టి గురించి మా కమిటీకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మా అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి, కల్చరల్ కమిటీ సభ్యులకు,

బి-502 నమస్కరించి రాయునది.

లిఫ్టు పక్కన బోర్డు మీద మీరు అంటించిన నోటీసు చదివాను. రెండుసార్లు చదివాను, మొదటిసారి కళ్లజోడు లేదు కాబట్టి. "కుండల తయారీ క్లాసుకు హాజరైన 26 మంది సభ్యుల నిర్లక్ష్యం వల్ల క్లబ్ హౌస్ వాష్ బేసిన్ల పైపులైను పూడుకుపోయినందున, ప్లంబరు ఖర్చు 6,500 రూపాయలను సదరు సభ్యుల నుంచి తలా 250 చొప్పున వచ్చే నెల మెయింటెనెన్సుతో కలిపి వసూలు చేయబడును." 250 రూపాయలు ఇచ్చినంత మాత్రాన నా కొంప మునగదు. కానీ "నిర్లక్ష్యం" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ ఆదివారం అక్కడ ఎవరు ఎవరి మాటను లెక్కచేయలేదో కళ్లారా చూసినదాన్ని నేను. వాట్సాప్ గ్రూపులో రాద్దామంటే రెండు నిమిషాల్లో దాని మీద నలభై గుడ్ మార్నింగులు వచ్చి పడతాయి. అందుకని ఈ లేఖ. దీన్ని కూడా లిఫ్టు పక్కనే అంటిస్తున్నాను, మీ నోటీసుకు కాస్త ఎడంగా.

ముందే ఒప్పుకుంటున్నాను, ఆ రోజు నవ్వినంతగా నేను ఈ మధ్య ఎప్పుడూ నవ్వలేదు. డబ్బులు దండగయ్యాయని కాదు నా గోల. 1,200 రూపాయల ఫీజుకి అంత నవ్వు సినిమాహాల్లో దొరకదు, పాప్‌కార్న్ అదనం. అయితే మీరు అమ్మింది నవ్వు కాదు. "ఒత్తిడి మాయం, మీ చేతులతో మీ కాఫీ కప్పు, రెండే గంటల్లో" అని పోస్టరు వేశారు. కప్పు సంగతి తర్వాత వస్తాను.

రెండు గంటల లెక్క చూద్దాం. 120 నిమిషాల్లో జ్యోతి ప్రజ్వలనకు, నేర్పించడానికి వచ్చిన అమ్మాయికి శాలువా కప్పడానికి, అధ్యక్షుల వారు నేలతల్లి గురించి మాట్లాడటానికి కలిపి 35 పోయాయి. (నేలతల్లి గురించి మాట్లాడినంతసేపూ నేల కనపడకుండా ప్లాస్టిక్ పరిచి ఉంది, మార్బుల్ పాడవుతుందని.) మిగిలినవి 85 నిమిషాలు, మూడు చక్రాలు, 26 మంది. తలా పది నిమిషాలు కూడా రాదు. అందులోనే కూర్చోవడం, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకోవడం, ఫొటో. నాకు నికరంగా దక్కింది ఏడు నిమిషాలు. ఏ-బ్లాకు కొత్త దంపతులు మాత్రం వెనక నుంచి చేతులు కలిపి తిప్పే ఆ సినిమా ఫోజు కుదరక, మూడుసార్లు మొదటినుంచీ మొదలుపెట్టారు. వాళ్ల కుండ కూలింది కానీ ఫొటో బాగా వచ్చింది. డీపీ చూశాను.

ఆ మూడు చక్రాల్లో కూడా ఒకదాని పెడల్ ఇరుక్కుపోయి ఉంది. దానికి తెలిసింది ఒకటే స్పీడు. దాని మీద కూర్చున్న సి-బ్లాకు కుర్రాడు మట్టిముద్ద పెట్టి, అది తిరగడం మొదలవగానే భయపడి చేతులు తీసేశాడు. ముద్ద లేచి వెళ్లి కోశాధికారి గారి తెల్ల లాల్చీ మీద, సరిగ్గా జేబు దగ్గర అతుక్కుంది. హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఎవరో వెనక నుంచి "సార్, ఫండు జమయింది" అన్నారు. ఎవరన్నారో నాకు తెలుసు, చెప్పను.

సి-304 ఆవిడది నల్లగొండ. వచ్చే ఆషాఢానికి తన బోనం కుండ తానే చేసుకుంటానని ఎంతో ఆశగా వచ్చింది. పావుగంట క్యూలో నిలబడి, చక్రం మీద కుస్తీ పట్టి, చివరికి చేతిలో మిగిలిన దాన్ని చూసి, "బోనం కుండ సంగతి దేవుడెరుగు వదినా, గురిగి కూడా కాలేదు" అంది. (గురిగి అంటే చిన్న కుండ.) అందరిలోకీ తృప్తిగా ఇంటికి వెళ్లింది డి-బ్లాకు ఏడేళ్ల పాప ఒక్కతే. ఆ పిల్ల చక్రం వంక చూడనే లేదు. మూల కూర్చుని చేత్తో ఒక బల్లిని చేసింది. తోక, కాలివేళ్లతో సహా. మా పనిమనిషి అది చూసి చీపురు తెచ్చింది.

ఇక నా ఏడు నిమిషాలు. మట్టిముద్దను చక్రం మధ్యలో కొట్టి, తడిచేతులతో రెండు పక్కలా అదిమి, అది ఇటూ అటూ ఊగకుండా నడిమధ్యకు తేవాలి. దీన్ని సెంటరింగ్ అంటారని ఆ అమ్మాయి మైకులో చెప్పింది. మనకు సెంటరింగ్ అంటే స్లాబు పోసేటప్పుడు కింద కట్టే చెక్కలు. రెండిటికీ సంబంధం ఉందని తర్వాత అర్థమైంది, అది సరిగ్గా లేకపోతే పైన కట్టిందంతా కూలుతుంది. నా ముద్ద తిరుగుతుంటే అరచేతికి ప్రతి చుట్టుకూ ఒక బొడిపె తగులుతోంది, స్పీడు బ్రేకరు మీద స్కూటరు వెళ్లినట్టు. ఆ అమ్మాయి మైకులో "మట్టితో మాట్లాడండి, మీ మనసు కుదురుగా ఉంటే మట్టి కుదురుతుంది" అంటోంది. ముప్ఫై ఏళ్లు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని, ఇంటర్ సెకండియర్ కుర్రాళ్ల ముందు కుదురుగా నిలబడ్డ నా మనసుకు ఇప్పుడేం రోగం?

కుండ అనుకుని మొదలుపెట్టాను. గోడ వంగింది, సరే చట్టి అన్నాను. చట్టి విచ్చుకుంది, మూకుడు అన్నాను. మూకుడు అంచు తెగి చేతిలోకి వచ్చింది. ప్రమిద దగ్గర ఆగాను, అంతకంటే కిందికి దిగడానికి తెలుగులో మాట లేదు కాబట్టి.

అప్పుడే వెనక నుంచి, "గట్ల వత్తొద్దు బిడ్డా. నీళ్లు గన్ని పొయ్యకు, కూలబడ్తది" అని వినిపించింది.

ఆ గొంతు ఎవరిదో మీలో చాలామందికి గుర్తుండదు. మీ ఫొటోల్లో ఆయన లేరు, ఉన్నచోట కత్తిరించారు. క్లాసు వాళ్లతో పాటు ఆటోలో మట్టి బస్తాలతో దిగిన పెద్దాయన. అరవై ఐదు పైనే ఉంటాయి. భువనగిరి వైపు పల్లె. ఆ అమ్మాయి ఆయన్ని "హెల్పర్ అంకుల్" అని పిలిచింది, మీరూ అదే పట్టుకున్నారు. వెనక తలుపు దగ్గర గోనెపట్టా మీద కూర్చుని రెండు గంటలూ మట్టి పిసికిందీ ఆయనే, మన 26 మందికీ ముద్దలు చేసి ఇచ్చిందీ ఆయనే. ముద్దను దారంతో అడ్డంగా కోసి, కోసినచోట బొటనవేలితో తడిమి, ఒక ముక్కను ఇంకోదాని మీద దబ్బున కొట్టి, మళ్లీ కోసేవాడు. గాలి బుడగ కోసం చూస్తున్నాడు. బుడగ ఉన్నచోట గోడ ఎత్తేటప్పుడు వేలు తడబడుతుంది, పలచబడి చిరుగుతుంది.

ఆయన నా రెండు చేతుల మీద తన చేతులు పెట్టాడు. తొయ్యలేదు, నొక్కలేదు. మోచేతులు తొడలకు ఆనించుకోమన్నాడు. ఊపిరి ఒకసారి పీల్చి వదిలేంత సేపు. బొడిపె పోయింది. మట్టి తిరుగుతోంది, కానీ తిరుగుతున్నట్టు కనపడటం లేదు. సరిగ్గా మధ్యకు వచ్చిన ముద్ద అలాగే ఉంటుంది, ఎంత వేగంగా తిరిగినా చక్రం మీద నిద్రపోతున్నట్టు కనిపిస్తుంది. నేను నోరు తెరుచుకుని చూస్తుండగానే "మేడమ్, టైం అయింది, నెక్స్ట్" అని మైకు.

లేచి పక్కకు వచ్చి ఆయన్ని అడిగాను, ఇది మాకు ఎప్పటికి వస్తుంది అని. "ఇంతమందికి మూడు సారెలా? మా ఊర్ల ఒక్క సారె మీద చెయ్యి కుదరనీకి నాకు ఆరేండ్లు పట్టింది" అని నవ్వాడు. సారె అంటే కుమ్మరి చక్రం. ఆ మాట విని ఎన్నేళ్లయిందో. మాది తెనాలి పక్క పల్లెటూరు. మా ఇళ్లల్లో పెళ్లంటే ఐరేణి కుండలు కుమ్మరి ఇంటి నుంచి మేళంతో తెచ్చేవాళ్లు. చిన్నప్పుడు ఆ ఇంటి ముందు గంటలు గంటలు నిలబడేదాన్ని. అక్కడ చూసిందేమిటంటే, నీళ్ల కుండ చక్రం మీద పూర్తికాదు. చక్రం మీద నుంచి దిగేటప్పటికి మూతీ మెడా తయారవుతాయి కానీ ఒళ్లు మందంగా ఉంటుంది. కాస్త ఆరనిచ్చి, లోపల ఒక రాయి ఆనించి, బయట నుంచి చెక్కతో టపటపా కొడుతూ, కొంచెం కొంచెంగా పొట్ట పెంచుతూ పలచన చేస్తారు. మధ్యాహ్నాలు ఆ చప్పుడు మా వీధి చివరి దాకా వినపడేది. ఇవన్నీ తెలిసి కూడా రెండు గంటల్లో కప్పు వస్తుందని 1,200 కట్టాను. అది మాత్రం నా నిర్లక్ష్యమే, ఒప్పుకుంటాను.

ఇప్పుడు మీ నోటీసులోని పైపు.

క్లాసు మొదలు కాకముందే పెద్దాయన తలుపు దగ్గర రెండు బకెట్లు పెట్టాడు. ఒకటి పెద్ద నల్ల బకెట్టు, దాని పక్కన తేటనీళ్లది. "ముందుగాల నల్లదాంట్ల కడుక్కోండ్రి, ఆనక దీంట్ల. నల్లా కాడికి పోవొద్దు" అని వచ్చినవాళ్లకల్లా చెప్పాడు. అది ఆయన చాదస్తం కాదు. బంకమట్టి రేణువు రెండు మైక్రాన్ల కంటే చిన్నది. నీళ్లలో కలిస్తే పాలలా తేలుతూ పోతుంది, ఏమీ లేదులే అనిపిస్తుంది. సింకు కింద వంపు తిరిగిన పైపులో నీళ్లు నిలబడతాయి కదా, అక్కడికి వెళ్లి తీరుబడిగా పేరుకుంటుంది. ఒక పొర, దాని మీద ఇంకో పొర. అదే బకెట్లో అయితే రాత్రికి మట్టి అడుగున దిగుతుంది, పొద్దున్నే పైన తేరిన నీళ్లు మొక్కలకు పోసి, అడుగు మట్టిని మళ్లీ ముద్దలోకి కలుపుకోవచ్చు. కుమ్మరి ఇంట్లో మట్టి దండగపోదు.

మరి ఆ బకెట్లు ఏమయ్యాయి? కల్చరల్ కమిటీ సభ్యులొకరు (పేరు రాయను, ఆ రోజు నెమలికంఠం రంగు చీర కట్టుకున్నారు) వచ్చి, బ్యానరు పక్కన బకెట్లు ఫొటోలో అసహ్యంగా పడుతున్నాయని చెప్పి, సెక్యూరిటీ అబ్బాయితో జనరేటరు వెనక్కి పెట్టించారు. పెద్దాయన "అమ్మా, పైపు జామైతది" అన్నాడు. "మా ఫిట్టింగులు మంచి కంపెనీవి" అని సమాధానం. మైకులో కూడా "ఫ్రెండ్స్, వాష్ బేసిన్లు అటువైపు ఉన్నాయి" అని ప్రకటించారు. మోచేతుల దాకా మట్టి పూసుకున్న 26 మందిమి మీరు చెప్పిన చోటికే వెళ్లి కడుక్కున్నాం. సదరు సభ్యుల నిర్లక్ష్యం ఇదీ.

పైపు కథ ఇంతే. కప్పు కథ ఇంకా బాగుంటుంది.

చేసినవాటిని కాల్చి ఇవ్వడానికి ముక్కకు 150 అవుతుందని క్లాసు వాళ్లు చివర్లో చెప్పారు. పోస్టర్లో ఈ సంగతి లేదు, అది వాళ్ల తప్పే. కమిటీ మాత్రం అప్పటికప్పుడు సమావేశమై, "అనవసర ఖర్చు, టెర్రస్ మీద ఎండబెడితే సరిపోతుంది" అని తీర్మానించింది. అది శ్రావణ మాసం. మూడు రోజులు ముసురు, నాలుగో రోజు చురుక్కుమనే ఎండ. పైభాగం ముందు ఆరి బిగుసుకుంది, అడుగు తడిగానే ఉంది, సగం కప్పులు నడుము దగ్గర పగిలాయి. కప్పు ఒక తడి మీద ఉండగా, చెవి ఇంకో తడి మీద ఉండగా అతికించిన వాటికి చెవులు ఊడి పక్కన పడ్డాయి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు, ఏడాది పని దుడ్డుకర్ర ఒక్క దెబ్బకు పోతుందని. మన దగ్గర గుదియ దాకా పోనవసరం లేకపోయింది.

నేను అప్పుడే కార్యదర్శి గారికి చెప్పాను, ఎండబెట్టడం వేరు, కాల్చడం వేరు అని. ఆయన ఫోన్లో ఉన్నారు. ఇప్పుడు మళ్లీ చెబుతాను, వింటారని కాదు, అలవాటు కొద్దీ. మట్టిలో నీళ్లు రెండు రకాలు. ఒకటి మనం పోసి కలిపినది, అది ఎండకూ గాలికీ పోతుంది. రెండోది మట్టి ఖనిజంలోనే కట్టుబడి ఉన్నది. అది వదలాలంటే దాదాపు 500 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలి. రామగుండం ఎండ కూడా 50 దాటదు, మన టెర్రస్ ఎంత? ఆ రెండో నీరు పోయాకే మట్టి మళ్లీ మట్టి కాలేని వస్తువవుతుంది. అందుకే తొమ్మిది వందలు, వెయ్యి డిగ్రీల దాకా కాలుస్తారు. అందుకే కుమ్మరి ఆవం (కుండలు కాల్చే బట్టీ) పేర్చి, పిడకలూ కట్టెలూ పెట్టి, రాత్రంతా మేలుకుని కాచుకుంటాడు. అంతదాకా అది కుండ కాదు, కుండ ఆకారంలో ఉన్న మట్టి.

ఇది తెలియడానికి కెమిస్ట్రీ కూడా అక్కర్లేదు. వినాయక చవితికి మీరే కదా సెల్లారులో నీళ్ల డ్రమ్ము పెట్టించి, మట్టి వినాయకుణ్ని నిమజ్జనం చేయించారు? తెల్లారేసరికి స్వామి పూర్తిగా కరిగిపోయాడని, పర్యావరణహితమని డ్రమ్ము ఫొటో గ్రూపులో పెట్టారు. నేను కూడా దణ్ణం బొమ్మ పెట్టాను. ఆ స్వామి కాల్చని మట్టి. మన కప్పులూ కాల్చని మట్టే.

కప్పులు ఆరిన తర్వాతి ఆదివారం కమిటీ మీటింగు. నేను వాటర్ ట్యాంకర్ల లెక్క అడగడానికి వచ్చాను కాబట్టి ప్రత్యక్ష సాక్షిని. పగలకుండా మిగిలిన కప్పుల్లో నాలుగింటికి బయటంతా రంగులేసి, ముత్యాల ముగ్గు గీసి, "మన చేతులతో చేసిన కప్పుల్లో మన టీ" అంటూ ట్రేలో తెచ్చారు. బయట రంగు, లోపల ఉత్త మట్టి. నేను నోరు తెరిచేలోపే వేడివేడి అల్లం టీ పోశారు. అధ్యక్షుల వారు కప్పు చేత్తో పట్టుకుని సెల్లారు పార్కింగు సమస్య మీద మాట్లాడుతున్నారు. మొదటి నిమిషం ఏమీ కాలేదు. రెండో నిమిషంలో కప్పు అడుగు కాస్త చెమర్చింది. ఆయన "క్రమశిక్షణ లోపిస్తోంది" అన్న మాట దగ్గర, అడుగు మొత్తంగా, ఏ చప్పుడూ లేకుండా, మినిట్స్ బుక్ మీదికి దిగింది. ఆయన చేతిలో రంగు చుట్టు, ముగ్గు, చెవి మిగిలాయి. టీ, మట్టి కలిసి గత మూడు నెలల తీర్మానాల మీదుగా పారాయి. ట్యాంకర్ల లెక్క ఉన్న పేజీ కూడా అందులోనే పోయిందని చెప్పారు. సరే, మట్టి మీద నింద వేయడం తేలిక.

పెద్దాయనకు ఆ రోజుకు ఇచ్చింది 800. నేను అడిగి తెలుసుకున్నాను. మనం 26 మందిమి కట్టింది 31,200. నేర్పిన అమ్మాయి మీద నాకు కోపం లేదు, మూడు నెలల కోర్సు చేసి వచ్చిందట, తనకు తెలిసినంత ఓపిగ్గా చెప్పింది. కానీ తెలిసిన మనిషిని తలుపు దగ్గర గోనెపట్టా మీద కూర్చోబెట్టి, నేర్చుకుంటున్న పిల్ల చేతికి మైకిచ్చి, ఇద్దరికీ అన్యాయం చేశాం. ఆయన చెప్పిన రెండు మాటలు, నీళ్లు ఎక్కువ పొయ్యొద్దు, నల్లా దగ్గరికి పోవొద్దు, ఈ రెండూ విని ఉంటే కప్పులు రాకపోయినా పైపు దక్కేది.

కాబట్టి నా మనవి. నోటీసులోని "నిర్లక్ష్యం" అన్న మాట కొట్టేసి, బకెట్లు జనరేటరు వెనక్కి పెట్టించింది ఎవరో అందులో రాయండి. అలా రాసిన రోజే నా 250 ఆఫీసులో కడతాను, రసీదు కూడా అడగను. రాయకపోతే ఆ 250 వచ్చే నెల నా మెయింటెనెన్సులో కలపకండి, కలిపితే లిఫ్టు పక్కన ఇంకో లేఖ పడుతుంది. అందులో ట్యాంకర్ల లెక్క ఉంటుంది. నా నోట్‌బుక్ మీద టీ పడలేదు.

ఇంకో సంగతి. పెద్దాయన ఫోన్ నంబరు నేను తీసుకున్నాను. కార్తీకం వెళ్లాక వస్తానన్నాడు. ఆయన షరతులు ఆయనవి: పదిమంది మించకూడదు, నాలుగు ఆదివారాలు వరసగా రావాలి, మొదటి ఆదివారం అంతా మట్టి పిసకడమే, సారె ముట్టనివ్వడు. మనిషికి ఆరు వందలు, ఆవం ఖర్చు వేరే. బేరం ఆడబోతే "ఆరొందలే బిడ్డా" అని ఫోన్ పెట్టేయబోయాడు. ఇప్పటికి ఏడుగురం అయ్యాం, సి-304 ఆవిడ, బల్లి పాప సహా. కోశాధికారి గారు కూడా చేరతానన్నారు, ముదురు రంగు లాల్చీలో వస్తారట. అంటే ఇంకా రెండు ఖాళీలున్నాయి. క్లబ్ హౌస్ అక్కర్లేదు, సెల్లారులో ఆ వినాయకుడి డ్రమ్ము పక్కన చోటు చాలు. బ్యానరు లేదు, మైకు లేదు.

రాదలచుకున్నవాళ్లు బి-502కి వచ్చి పేరివ్వండి. బకెట్టు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

ఇట్లు,
బి-502